ఎర్ర లైటు వెలిగితే

మా ఆయనకు పల్లీలంటే ప్రాణం. వేయించిన పల్లీలు గుప్పెడు తీసుకుని, రెండు అరచేతుల మధ్య నలిపి, ఉఫ్ మని పొట్టు ఊదేవాడు. ఆ ఎర్ర పొట్టు సోఫా కిందికి పోయేది, దేవుడి గూట్లోకి పోయేది, నా చాయ్ కప్పులోకి కూడా పోయేది. "పొట్టుతోని తింటే గొంతుల అడ్డం పడ్తదా?" అని నేను తిడితే, నవ్వి ఇంకో గుప్పెడు ఊదేవాడు. పెళ్ళయినప్పటి నుంచీ నేను ఊడ్చిన పొట్టంతా కుప్ప పోస్తే ఒక లారీ లోడు అవుతుంది.

మాది తాండూరు. ఊరి బయట మాకో నాపరాళ్ళ గని ఉంది. రైల్వే గేటు అవతల బండలు కోసి పాలిష్ పట్టే చిన్న ఫ్యాక్టరీ ఉంది. మా ఆయన మనీష్ గని చూసుకునేవాడు, నేను ఫ్యాక్టరీ చూసుకునేదాన్ని. నా పేరు స్నేహలత. పేరులో ఉన్న స్నేహం నోట్లో లేదని మా అత్తగారు అంటూ ఉండేది, అది నిజమే. దెయ్యాలూ భూతాలూ అని ఎవరైనా మొదలుపెడితే పని లేనోళ్ళ మాటలని కసురుకునేదాన్ని. ఇప్పుడు కసరను.

పోయిన చలికాలం ఒక పొద్దున, టిఫిన్ డబ్బా పట్టుకుని గనికి పోయాను. పోయేసరికి అక్కడ పనివాళ్ళు ఒక్కరూ లేరు. అందరూ దూరంగా కంది చేలకు అడ్డంపడి పరుగెత్తుతున్నారు. ఆకాశంలో నుంచి ఇంత పెద్ద తెల్లటి ప్లాస్టిక్ బుడగ చిరిగి, గాలికి కొట్టుకుంటూ కిందికి దిగుతోంది. మా దిక్కు ఇలాంటివి అప్పుడప్పుడు పడతాయి. హైదరాబాదు నుంచి ఎగరేసే బుడగలవి, కింద ఏవో మిషన్లు కట్టి పంపుతారు. మిషన్ల గురించి ఎవరికీ పట్టదు. ఆ ప్లాస్టిక్ కోసమే కొట్టుకుంటారు, కంది కుప్పల మీద కప్పడానికి దానంత మంచిది బజార్లో దొరకదు.

అందుకే బుడగ కింద కట్టిన పెట్టె దగ్గర మా ఆయన ఒక్కడే మిగిలాడు.

బుడగ నుంచి విడిపోయిన పెట్టె చిన్న గొడుగు కట్టుకుని మా గనిలోనే దిగింది. బీరువా అంత ఉంది. తెల్ల రంగు, ముందు గుండ్రటి అద్దం. మా ఆయన దాని పక్కన నిలబడి చేతికి రుమాలు చుట్టుకుంటున్నాడు. రుమాలంతా రక్తం.

"అయ్యో, ఏమైందండి?"

"మూత తీస్తుంటే బొటనవేలు నలిగింది. లోపల కోతి ఉన్నది, లతా. సచ్చిపోయింది. నువ్వు చూడకు."

చూడకు అంటే చూడకుండా ఉండే రకం కాదు నేను. అద్దంలో నుంచి తొంగి చూశాను. చిన్న కుర్చీ, కుర్చీకి అడ్డంగా, నిలువుగా నల్లటి బెల్టులు. ఆ బెల్టుల వెనక ఒక చిన్న ఒళ్ళు. తల మీద మా ఆయన తువ్వాల కప్పి ఉంది. చేతుల మీది వెంట్రుకలకు తెల్లగా మంచు పట్టి ఉంది. ఎండ ఎక్కుతోంది, ఆ మంచు మాత్రం కరగడం లేదు. మూత సందులోంచి ఫ్రిజ్ తలుపు తీసినట్టు చల్లటి గాలి, దాంతో పాటు కాలిన వెంట్రుకల వాసన వస్తోంది. కుర్చీ చేతి దగ్గర ఒక చిన్న మీట ఉంది. కోతి వేళ్ళు ఇంకా దాని మీదే ఉన్నాయి.

ప్లాస్టిక్ పంపకాలు అయ్యాక జనం తిరిగొచ్చారు. పెట్టెలో కోతి అని తెలిసేసరికి అందరూ చెప్పులు విడిచారు. ఆకాశంలో నుంచి హనుమంతుడే దిగి వచ్చాడని శంకరమ్మ అనే ముసలామె దండం పెట్టి ఏడుపు అందుకుంది. మా ఊళ్ళల్లో కోతి చస్తే పారేయరు. డప్పులతో ఊరేగించి, మనిషికి చేసినట్టే చేసి పూడుస్తారు. గంట తిరక్కముందే డప్పులు వచ్చాయి, పూలు వచ్చాయి, సిందూరం వచ్చింది.

మా గని మేస్త్రి జంగప్పది కర్ణాటక సరిహద్దు. వాళ్ళల్లో చనిపోయినవాళ్ళను కూర్చోబెట్టి సమాధి చేస్తారు. కోతి కూర్చునే ఉంది కాబట్టి కుర్చీతోనే పెడదామని మా ఆయన అంటే జంగప్ప తల ఊపాడు. కానీ ఒక మాట అన్నాడు.

"కుర్చీతోని పెట్టినా ఫికర్ లేదు సేటు. గానీ కట్లు విప్పాలె. కట్లతోని మన్నుల పెట్టొద్దు. కాలి వేళ్ళ దారం గూడ తెంపి పెడ్తం మేము."

"వద్దు," అన్నాడు మా ఆయన గట్టిగా. "ముట్టకుండ్రి. లోపల ఏం మందులు పోసిండ్రో ఏమో. గట్లనే బట్ట చుట్టుండ్రి."

సేటు మాట. జంగప్ప ఊరుకున్నాడు. కుర్చీకీ కోతికీ కలిపి, మీద వేసిన తువ్వాలతో సహా, తెల్లబట్ట చుట్టేశారు. గని ఒడ్డున గొయ్యి తీసి, కుర్చీని నిలబెట్టి, మట్టి పోశారు. మీద ఒక నాపరాయి నిలిపి సిందూరం పూశారు. ఊరంతా దండం పెట్టింది. మా ఆయన మాత్రం రుమాలు చుట్టిన చెయ్యి జేబులో పెట్టుకుని దూరంగా నిలబడ్డాడు.

మధ్యాహ్నానికి ఆ బుడగ ఎగరేసిన కంపెనీవాళ్ళు జీపులో వచ్చారు. వాళ్ళలో భవ్యశ్రీ అని ఒక ఇంజినీరమ్మాయి. పెట్టెలో కుర్చీ లేదని చూసి, సమాధి వైపు చూసి, బండ మీద కూలబడి ఏడ్చింది. నాకు జాలేసి మంచినీళ్ళు ఇచ్చాను.

"రేపు మనుషుల్ని పైకి పంపేటందుకు ఇది చేసినం ఆంటీ," అంది. "వెనకట వేరే దేశాలోళ్ళు గూడ ముందుగాల కుక్కల్ని, కోతుల్ని పంపే చూసుకున్నరు. చిట్టి అని పేరు పెట్టినం దీనికి. మస్తు తెలివి. ఎర్ర లైటు వెలిగితే మీట నొక్కాలె, నొక్కితే ఒక పల్లీ పడ్తది. పైకి పోయినంక గూడ తెలివి మంచిగ పనిచేస్తుందా లేదా అని చూసేటందుకు."

"నొక్కకపోతే?"

ఆ అమ్మాయి తల దించుకుంది. "కాళ్ళకు జర కరెంటు తగుల్తది."

నాకు ఒళ్ళు మండింది. నోరు తెరిచేలోపు ఆమే అంది. "కిందికి దిగినంక గూడ దాని గుండె కొట్టుకుంది ఆంటీ. మా స్క్రీన్ల మంచిగ కనబడ్డది. మూత ఎవరు తీసిండ్రు?"

"నేనే," అన్నాడు మా ఆయన. "నేను తీసేసరికే పోయింది."

సమాధి తవ్వి ఒక్కసారి చూస్తామని కంపెనీవాళ్ళు అడిగారు. శంకరమ్మ సమాధికి అడ్డంగా పడుకుంది, ఊరంతా రాళ్ళు పట్టుకుంది. వాళ్ళు పెట్టె ఎక్కించుకుని వెళ్ళిపోయారు. జీపు ఎక్కుతూ ఆ అమ్మాయి నన్ను అడిగింది. "బెల్టులన్నా ఊడదీసిండ్రా ఆంటీ? ముందర ఎర్ర బటన్ ఉంటది, నొక్కితే ఊడిపోతయి." నేను సమాధి వైపు చూశాను.

రెండు మూడు రోజులు మామూలుగానే గడిచాయి. తర్వాత ఒక సాయంత్రం కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద ఎర్ర లైటు వెలిగింది.

టక్.

ఎలుక అనుకున్నాను. కరెంటు వచ్చింది, లైటు ఆరింది. మళ్ళీ పోయింది, మళ్ళీ వెలిగింది.

టక్.

వంటింట్లో కాదు, గోడలో కాదు. ఇన్వర్టర్ పక్కనే, చిన్న వేలితో ఎవరో మీట నొక్కినట్టు ఉంది. నేను మా ఆయన వైపు తిరిగి, "మీ ఆంజనేయుడు వచ్చిండు, పల్లీలు పెట్టుండ్రి" అని ఎకసెక్కం ఆడాను. ఆయన నవ్వలేదు. లేచి, చెప్పు తీసి, ఆ లైటును పగిలేదాకా కొట్టాడు.

ఆ రోజే ఆయన వేలు సరిగ్గా చూశాను. రుమాలు విప్పడానికి ఒప్పుకోలేదు, నేనే బలవంతంగా విప్పాను. నలిగిన వేలులా లేదు. వేలి చుట్టూ ఉంగరం పెట్టినట్టు నల్లటి గీతలు, పక్కపక్కన సన్నగా నాలుగు. ముట్టుకుంటే ఐసుగడ్డ. తాండూరు డాక్టరు మందులు ఇచ్చాడు, పని చేయలేదు. నలుపు పైకి ఎక్కుతోంది, వికారాబాదుకు పోయి వేలు తీయించుకొమ్మన్నాడు. మా ఆయన ఇవాళ రేపు అని దాటేస్తూ వచ్చాడు. ఆయన లేకుండా నాకో బతుకుందని నేను ఎన్నడూ అనుకోలేదు. పైకి మాత్రం తిడుతూనే ఉన్నాను.

ఆ తర్వాత ఫ్యాక్టరీలో అంజిలయ్య చెయ్యి పోయింది.

అది నా కళ్ళ ముందే జరిగింది. కోత మిషన్ మీద ఎర్ర లైటు వెలిగిందంటే మిషన్ ఆగిందని అర్థం. అప్పుడే బ్లేడు కింద చెయ్యి పెట్టి బండ జరుపుతారు. చిన్నప్పటి నుంచీ ఆ పనిలోనే ఉన్న మనిషి అంజిలయ్య. లైటు వెలిగింది. చెయ్యి పెట్టాడు. మిషన్ దగ్గర ఇంకెవరూ లేరు...

టక్.

స్విచ్చు దానంతట అదే కిందికి దిగింది. బ్లేడు తిరిగింది. బ్లేడు మీద పోసే నీళ్ళతో పాటు ఎర్రగా నా చీర మీద, నా ముఖం మీద పడింది. మణికట్టు దాకా తెగిన చెయ్యి పలక మీద ఉంది, దాని వేళ్ళు ఇంకా ముడుచుకుంటున్నాయి. నేను అరిచానో లేదో గుర్తు లేదు. అంజిలయ్య అరవలేదు. తువ్వాలతో మోచేయి కట్టి జీపు ఎక్కిస్తుంటే నా చెవి దగ్గర నోరు పెట్టి గొణిగాడు.

"అమ్మా... గంత చిన్న చెయ్యి... ఎవలిదమ్మా?"

ఆ సాయంత్రం జంగప్ప మా ఇంటి గడప దగ్గరికొచ్చి నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. "అమ్మా, కట్లు విప్పకపోతిమి. కట్టేసి పెట్టినోని పానం ఎక్కడికి పోతదమ్మా? తవ్వుదం. విప్పి, క్షమించుమని మొక్కి, మల్ల పెడ్దం. సేటుకు మంచిగయితది."

నాకు నమ్మకం లేదు. కానీ నా చీర మీది మరక చూసుకున్నాను. సరే అన్నాను.

మర్నాడు మా ఆయనను వికారాబాదు ఆస్పత్రికి అని చెప్పి కారు ఎక్కించాను. నలుపు మోచేతి దాకా వచ్చింది, ఆయన నడపలేడు. నేనే నడిపాను. పక్క సీట్లో ఆయనకు నేనే బెల్టు పెట్టాను. బయలుదేరేసరికి దీపాలు పెట్టే వేళ అయింది. వికారాబాదుకు పోయే ధారూర్ రోడ్డు ఎక్కకుండా కారును గని వైపు తిప్పాను. ఆయనకు అర్థమైంది.

"వద్దు లతా. తవ్వొద్దు."

"ఎందుకు?"

నల్లబడిన చేతిని ఒళ్ళోకి లాక్కున్నాడు. తర్వాత ముందు అద్దంలోకి చూస్తూ, చిన్నగా చెప్పాడు.

"బతికే ఉండె. మూత తీస్తే నా దిక్కు చూసింది. చెయ్యి చాపింది. నా బొటనవేలు పట్టుకుంది లతా... పసిపిల్ల పట్టుకున్నట్టు. నేను గుంజిన. వదలలే. సల్లగ, వేలు కాలినంత సల్లగ ఉండె. నాకు భయమైంది. ఇంకో చేతుల సుత్తె ఉండె..."

"కొట్టిండ్రా?"

"తల మీద."

"ఎన్నిసార్లు?"

"వదిలేదాక."

గని ఒడ్డున, సమాధికి కాస్త దూరంలో కారు ఆపాను. ఆయన ఏడుస్తున్నాడు. కోపం రావాలి, వచ్చింది కూడా. దాని కంటే ఎక్కువగా, ఈ మనిషిని ఎలాగైనా ఇంటికి తిరిగి తీసుకుపోవాలనిపించింది. "కూసోండి. నేను పోయి విప్పొస్త. అంతా అయిపోతది," అన్నాను. హీటర్ కోసం ఇంజను ఆపకుండా దిగాను.

జంగప్ప అప్పటికే సగం తవ్వాడు. గని అడుగున నిలిచిన నీళ్ళ మీద నుంచి పొగమంచు లేస్తోంది. మట్టి వాసన లేదు. కాలిన వెంట్రుకల వాసన వస్తోంది. పార గట్టిదానికి తగిలింది. ఇద్దరం చేతులతో మట్టి తీశాం. తెల్లబట్ట బయటపడింది. బట్ట తడిగా లేదు, అప్పడంలా పెళపెళమంది. మంచు పట్టి బిర్రుగా అయింది. జంగప్ప కత్తితో చీరాడు.

కుర్చీ ఉంది. బెల్టులు ఉన్నాయి. పెట్టినవి పెట్టినట్టే, ఒక్క కట్టు ఊడలేదు. బిగుతుగా ఉన్నాయి. ఒక ఛాతీని అదిమిపట్టినట్టు ముందుకు ఉబ్బి ఉన్నాయి.

వాటి వెనక ఏమీ లేదు.

మా ఆయన తువ్వాల మాత్రం కుర్చీలో ఉంది. నెత్తురు ఎండి అట్టగట్టి ఉంది. బొక్క లేదు, వెంట్రుక లేదు.

"కట్లు గట్లనే ఉన్నయి..." జంగప్ప కత్తి పడేసి వెనక్కి జరిగాడు. "లోపలోడు ఏడి?"

అప్పుడే వినబడింది. కారులో నుంచి. టింగ్... టింగ్... టింగ్...

మా కారులో ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. డ్రైవర్ సీట్లో ఎవరైనా కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే ఎర్ర లైటు వెలిగి అలా మోగుతుంది. డ్రైవర్ సీటు నాది. నేను గోతిలో ఉన్నాను.

టక్.

పరుగెత్తాను. చీర కుచ్చిళ్ళు కాళ్ళకు అడ్డం పడి బోర్లా పడ్డాను, లేచాను. నేను చూస్తుండగానే కారు అద్దాలు లోపలి నుంచి తెల్లబడిపోయాయి. ఒకదాని తర్వాత ఒకటి. మంచు.

"లతా! బెల్టు... బెల్టు బిగుస్తున్నది... లతా!"

తలుపు లాగాను. రాలేదు. అద్దాన్ని అరచేతులతో బాదాను. లోపల ఆయన కాళ్ళు తన్నుకుంటున్నాయి, కారంతా ఊగుతోంది. ఎముక విరిగిన చప్పుడు వినబడింది. తర్వాత ఆయన అరుపు ఆగింది. ఆ తర్వాత ఇంకో చప్పుడు మొదలైంది. పండిన గుమ్మడికాయను బండకేసి కొట్టినట్టు. మళ్ళీ. మళ్ళీ. తెల్లటి అద్దం మీద ఎర్రగా చిమ్మింది... అక్కడ మంచు కరగలేదు, ఎర్రగానే గడ్డకట్టింది.

ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు. వదిలేదాకా.

జంగప్ప గడ్డపారతో అద్దం పగలగొట్టాడు. లోపలి గాలి నా ముఖానికి తగిలి చెంప మీద చర్మం పగిలింది. మా ఆయన సీట్లోనే ఉన్నాడు. బెల్టు భుజం నుంచి నడుము దాకా ఒంట్లోకి కోసుకుని దిగిపోయింది. తల కుడి పక్క లేదు. ఎర్ర బటన్ నొక్కాను. నొక్కాను. రెండు చేతులతో నొక్కాను, నా గోళ్ళు ఊడాయి, అది ఊడలేదు. ఆయన చెయ్యి నా వైపు చాచి ఉంది. బొటనవేలు లేదు.

పోలీసులు వచ్చి, గని ఒడ్డున ఉన్న రాళ్ళ గుట్ట పైనుంచి రాయి దొర్లి పడిందని రాసుకున్నారు. కారు పైకప్పు మీద ఒక్క గీత కూడా లేదు. నేను వాదించలేదు.

మా వాళ్ళల్లో కాలుస్తారు. పోస్టుమార్టం అయి వికారాబాదు నుంచి ఒళ్ళు వచ్చాక, ఆడవాళ్ళు ముట్టొద్దని ఎంత మంది అన్నా వినకుండా, కట్లన్నీ నేనే విప్పాను. కాళ్ళ వేళ్ళ దారం విప్పాను. మొలతాడు తెంపాను. పాడె తాళ్ళు నా చేత్తో కోశాను. ఒక్క ముడి కూడా మిగలకూడదని జంగప్ప పక్కన నిలబడి చూశాడు. చితి ఆరేదాకా అక్కడే కూర్చున్నాను. నా మనిషి ఎవరికీ కట్టుబడి లేడని నాకు నేను చెప్పుకున్నాను.

పదకొండో రోజు దాటాక కాగితాల కోసం వికారాబాదు పోయాను. ఒళ్ళు కోసేటప్పుడు అక్కడున్న ముసలాయన నన్ను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. చేతులు నలుపుకుంటూ చెప్పాడు.

"బెల్టు మస్తు తీసినమమ్మా. ఒక తునక మాత్రం రాలే. పక్కటెముకల సుట్టు తిరిగి, లోపలంగ ముడి పడ్డది. గట్ల ఎట్ల పడ్తదో నాకైతే తెల్వదు. దాన్ని లోపలనే ఉంచి కుట్టేసినం."

ఎట్లా ఇంటికొచ్చానో నాకు తెలియదు. వచ్చేసరికి చీకటి పడుతోంది. పగిలిన ఇన్వర్టర్ పోయి కొత్తది వచ్చింది. కరెంటు పోయింది. ఎర్ర లైటు వెలిగింది. నేను కుర్చీలో కూర్చుని కదలకుండా విన్నాను.

టక్.

చురుగ్గా, అలవాటున్న చేత్తో.

కాసేపటికి, దాని పక్కనే...

టక్.

ఇది బరువుగా ఉంది. ఆలస్యంగా ఉంది. ఇంకా పని రాని మనిషి తడుముకుంటూ నొక్కినట్టు ఉంది. ఆ వెంటనే, కాళ్ళకు కరెంటు తగిలినట్టు, ఎవరో నొప్పికి పళ్ళ బిగువున మూలిగారు. ఆ మూలుగు నాకు తెలుసు.

ఏడ్చే ఓపిక లేదు. వంటింట్లోకి పోయి, వేయించిన పల్లీలు గిన్నె నిండా తెచ్చి ఇన్వర్టర్ ముందు పెట్టాను. పెట్టి, తలుపు వేసుకుని పడుకున్నాను.

పొద్దున గిన్నె ఖాళీ. ఎర్ర పొట్టు గది నిండా ఉంది. సోఫా కింద ఉంది, దేవుడి గూట్లో ఉంది. నేను చీపురు పట్టుకుని వంగాను. గిన్నె పక్కన నేల మీద, మిగిలిన పొట్టునంతా ఒక చోటికి చేర్చి చిన్న కుప్పగా పోసి ఉంది. ఆ కుప్ప ముందు ఒక్క పల్లీ గింజ, పొట్టు తీసి, నా కోసం దాచినట్టు పెట్టి ఉంది. దాని మీద తెల్లగా మంచు పట్టి ఉంది, ఎండ పడుతున్నా కరగడం లేదు.